కొత్త ఊళ్లో ఎవరిని అడగాలి, ఏమని అడగాలి

ఒకసారి కొండదారి మొదట్లో గొర్రెలు కాస్తున్న ఒక పెద్దాయన్ను "ఈ దారి బాగానే ఉంటుందా?" అని అడిగాను. "బాగానే ఉంటుంది, వెళ్లండి" అన్నారు. ఆయన చెప్పింది నిజమే, దారి బాగుంది. కానీ నేను కిందికి దిగేసరికి చీకటి పడింది. ఆఖరి బస్సు వెళ్లిపోయింది. ఫోన్‌లో సిగ్నల్ లేదు. రోడ్డు పక్కన మూడు గంటలు నిలబడ్డాక ఒక లారీ ఆగింది. ఆ రాత్రి ఏ ఆపదా రాలేదు గానీ, ఆ మూడు గంటల్లో ఒక సంగతి బాగా తలకెక్కింది. ఆఖరి బస్సు ఎన్నింటికో ఆ పెద్దాయనకు తెలుసు. పొద్దు వాలాక ఆ రోడ్డు మీద బళ్లు తిరగవని కూడా తెలుసు. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఒక ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లకు తెలిసినవి వాళ్లకు పెద్ద విషయాలుగా అనిపించవు. రోజూ చూసేవే కాబట్టి అడిగితే తప్ప నోటికి రావు. వాటిని రాబట్టుకోవడం వెళ్లినవాళ్ల పని. ఎలా రాబట్టాలో, విన్నదాన్ని ఎంతవరకు నమ్మాలో నేను పాటించే పద్ధతిని వరుసగా చెబుతాను.

1. బయల్దేరే ముందు తెలియనివి రాసుకోండి

ఇంట్లో కూర్చుని తెలుసుకోగలిగినవి ఇంట్లోనే తెలుసుకోండి. అక్కడ ఆ నెలలో వాతావరణం ఎలా ఉంటుంది, ఎన్నికలు, సమ్మెలు, పెద్ద పెద్ద జనసమ్మేళనాలు ఏమైనా ఉన్నాయా, ఆపదలో ఏ నంబరుకు ఫోన్ చేయాలి అన్నవి చూసుకోవాలి. యూరోపియన్ యూనియన్ దేశాలన్నిటిలో అత్యవసర నంబరు 112. భారత్‌లోనూ ఇప్పుడు అదే. అమెరికా, కెనడాల్లో 911, బ్రిటన్‌లో 999, ఆస్ట్రేలియాలో 000, న్యూజిలాండ్‌లో 111. జపాన్‌లో పోలీసులకు 110, అంబులెన్స్‌కూ ఫైరింజన్‌కూ 119.

నంబరు తెలిస్తే సగం పనే అయినట్టు. ఫోన్ ఎత్తినవాళ్లు మొదట అడిగేది "ఎక్కడున్నారు?" అని. మ్యాప్‌లో ఉన్న పేరూ, అక్కడి జనం పిలిచే పేరూ ఒకటే కాకపోవచ్చు. అందుకే బస చేసిన చోటును, ఆ రోజు వెళ్లే చోటును స్థానికులు ఏమని పిలుస్తారో అడిగి, వాళ్ల ఉచ్చారణతోనే కాగితం మీద రాసుకోండి.

ఆ తర్వాత, ఎంత వెతికినా జవాబు దొరకని ప్రశ్నలను ఒక జాబితాగా రాయండి. తిరిగి రావడానికి ఆఖరి బండి ఎన్నింటికి? రాత్రిపూట తెరిచి ఉండే ఆసుపత్రి ఏది? ఏ వీధిలో కుక్కల బెడద ఉంది? ఏ ఒడ్డున నీళ్లలోకి దిగకూడదు? వాన పడితే ఏ దారి తెగిపోతుంది? ఊళ్లో దిగాక మీరు చేయాల్సింది ఈ జాబితాకు జవాబులు సంపాదించడమే.

2. ఎవరిని అడగాలో ముందు తేల్చుకోండి

దిగగానే ఎదురైన మొదటి మనిషిని అడిగేయకండి. రెండు విషయాలు చూడండి. ఆ మనిషి ఆ చోటును వేర్వేరు వేళల్లో చూస్తారా? మీరు వెళ్లడం వల్లగానీ, మానడం వల్లగానీ ఆయనకు లాభం ఉందా?

ఈ లెక్కన పర్యాటకులతో వ్యాపారం చేసేవాళ్ల కంటే మందుల షాపులో పనిచేసేవాళ్లు, స్కూలు దగ్గర పిల్లల కోసం ఎదురుచూస్తున్న తల్లిదండ్రులు, తెల్లవారుజామున వీధులు ఊడ్చేవాళ్లు, రాత్రి డ్యూటీ వాచ్‌మన్ మంచి జవాబులు చెబుతారు. రాత్రి రెండింటికి ఆ వీధి ఎలా ఉంటుందో వాచ్‌మన్‌కు తెలిసినంత రిసెప్షన్‌లో పగలు కూర్చునే అబ్బాయికి తెలియదు.

ఏ విషయానికి ఆ మనిషిని వెతుక్కోండి. సముద్రం గురించి చేపలు పట్టేవాళ్లను, గజ ఈతగాళ్లను అడగండి. రోడ్డు గురించి ఈ ఉదయమే అటునుంచి వచ్చిన డ్రైవర్‌ను అడగాలి. అటువైపు వారం నుంచి వెళ్లని డ్రైవర్ చెప్పేది పాత వార్త. అడవి, కొండల గురించి పశువులు కాసేవాళ్లకు, అటవీ సిబ్బందికి తెలుస్తుంది. ఆడవాళ్లు ఒంటరిగా ప్రయాణిస్తుంటే ఆడవాళ్లనే అడగడం మేలు. ఏ వీధిలో వెకిలి చూపులు, వెంటపడటాలు ఉంటాయో మగవాళ్ల దృష్టికి చాలాసార్లు రానే రాదు.

ఇంకో నియమం నాకు చాలాసార్లు పనికొచ్చింది. మీ దగ్గరికి తనంతట తాను వచ్చి సలహా ఇచ్చే మనిషి కంటే, మీరు ఎంచుకుని అడిగిన మనిషిని ఎక్కువ నమ్మవచ్చు. వచ్చినవాళ్లంతా మోసగాళ్లని కాదు. మోసం చేయాలనుకునేవాళ్లు మాత్రం మీరు పిలిచేదాకా ఆగరు, వాళ్లే వస్తారు.

3. ప్రశ్నను సరిగ్గా అడగండి

ఇది అన్నిటికంటే ముఖ్యమైన అడుగు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

అవును, కాదు అని జవాబు వచ్చే ప్రశ్నలు మానేయండి. "బస్టాండ్ ఇటేనా?" అని వేలు చూపించి అడిగితే, తెలియని మనిషి కూడా మొహమాటానికి "ఆ, ఇటే" అనేస్తారు. అతిథికి కాదని చెప్పడానికి మనసొప్పని మనుషులు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. "బస్టాండ్ ఎటువైపు?" అంటే తెలిస్తే చెబుతారు, తెలియకపోతే తడబడతారు. ఆ తడబాటే మీకు జవాబు. ఎటు, ఎన్నింటికి, ఏది, ఎలా, ఎప్పుడు అన్న మాటలతోనే ప్రశ్న కట్టండి.

"అక్కడ సేఫేనా?" అన్న ప్రశ్నతో కూడా ఏమీ రాదు. భయం కొలత మనిషి మనిషికీ వేరు. మీరు భయపడేది దొంగల గురించి కావచ్చు, ఆయన అనుకున్నది పాముల గురించి కావచ్చు. దానికి బదులు ఆయన ఏం చేస్తారో అడగండి. "మీరైతే ఏ దారిన వెళ్తారు?" "మీ చెల్లెలు రాత్రి తొమ్మిదింటికి ఒక్కతే రావాల్సి వస్తే ఎలా రమ్మంటారు?" ఈ రెండో ప్రశ్న అడిగినప్పుడు ముఖం మారడం నేను చాలాసార్లు గమనించాను. అప్పటిదాకా "ఏం పర్లేదు" అన్న మనిషి ఒక్క క్షణం ఆలోచించి, "ఆ గల్లీలోంచి వద్దంటాను. మెయిన్ రోడ్డు మీదుగానే రమ్మంటాను" అంటారు. మీకు కావాల్సింది ఆ మాటే.

నేను ఎక్కడికి వెళ్లినా అడిగే ప్రశ్న ఇంకోటుంది. "కొత్తగా వచ్చినవాళ్లు ఇక్కడ ఎక్కువగా చేసే పొరపాటు ఏమిటి?" ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం అందరికీ ఇష్టమే. ఆటుపోటు వేళ చూసుకోకుండా ఇసుక మేటల మీదికి నడిచి వెళ్లారనో, మధ్యాహ్నం ఎండలో నీళ్లు లేకుండా బయల్దేరారనో కథలుగా చెబుతారు. ఏ బోర్డు మీదా రాసి ఉండని సమాచారం ఆ కథల్లోనే దొరుకుతుంది.

వెళ్లడం గురించి అడిగిన ప్రతిసారీ తిరిగి రావడం గురించి కూడా అడగండి. నా కొండ ప్రయాణంలో నేను వదిలేసింది అదే. "ఎప్పుడు వెళ్లకూడదు?" అని కూడా అడగండి. ఎంత మంచి చోటుకైనా వెళ్లకూడని వేళ ఒకటుంటుంది.

అడిగాక ఆగండి. "పర్లేదు..." అని మొదలుపెట్టినవాళ్లు చాలామంది ఒక్క క్షణం తర్వాత "కానీ..." అంటారు. మనం తొందరపడి థాంక్స్ చెప్పి కదిలిపోతే ఆ "కానీ" వెనక ఉన్నది వినకుండానే పోతాం.

భాష రాకపోతే ఐదారు మాటలైనా నేర్చుకుని వెళ్లండి: ప్రమాదం, వద్దు, మూసేశారు, లోతు, సాయం చేయండి, ఆసుపత్రి. గడియారం బొమ్మ గీసి పెన్ను ఇస్తే ఆఖరి బండి ఎన్నింటికో ఎవరైనా ముల్లు గీసి చూపిస్తారు. అనువాదం చేసే యాప్‌లో ఆ భాషను ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, నెట్ లేని చోటే దాని అవసరం ఎక్కువ. తల ఊపడాన్ని మాత్రం జవాబుగా తీసుకోవద్దు. బల్గేరియాలో తల నిలువుగా ఊపితే సంప్రదాయంగా కాదని అర్థం. నోటితోనో, చేత్తోనో, కాగితం మీదో స్పష్టంగా చెప్పించుకోండి.

4. మాట్లాడకుండా చూడండి

ఒక అరగంట ఒకచోట కూర్చుని జనాన్ని గమనించండి. షాపుల షట్టర్లు ఎన్నింటికి దిగుతున్నాయి? వీధిలోంచి పిల్లలూ ఆడవాళ్లూ ఏ వేళకు కనిపించకుండా పోతున్నారు? ఫోన్ చేతిలో పట్టుకుని నడుస్తున్నారా, లోపల పెట్టేసుకున్నారా? రోడ్డు ఎక్కడ దాటుతున్నారు? ఇంత ఉక్కపోతలో కూడా ఒక మడుగులోకి ఊరి పిల్లలెవరూ దిగడం లేదంటే దానికో కారణం ఉంటుంది. కారణం తెలిసేదాకా మీరూ దిగొద్దు.

గోడలు కూడా చెబుతాయి. నది ఒడ్డు ఊళ్లలో గోడల మీద నీటి చారలు, చెట్ల కొమ్మల్లో చిక్కుకున్న చెత్త కనిపిస్తే వరద ఎంత ఎత్తుకు వచ్చిందో తెలిసినట్టే. దానికి దిగువన రాత్రి టెంటు వేయకండి.

వాహనాలు ఏ పక్కన నడుస్తాయన్నది తెలిసిన విషయమే కదా అని తీసిపారేయకండి. ఎడమవైపు నడిచే దేశంలో పెరిగినవాళ్లు కుడివైపు నడిచే దేశానికి వెళ్తే, అలవాటుగా కుడికి చూసి అడుగు వేస్తారు, బండి ఎడమ నుంచి వస్తుంది. మొదటి రెండు రోజులు స్థానికులు దాటినప్పుడే వాళ్లతోపాటు దాటండి.

5. నీళ్లు, వాన, కొండ: ఇక్కడ పెద్దల మాటకు విలువ ఎక్కువ

ఇండోనేషియాలో సిమెలూయే అనే దీవి ఉంది. 1907లో అక్కడ సునామీ వచ్చి చాలామంది చనిపోయారు. బతికినవాళ్లు దానికి స్మోంగ్ అని పేరు పెట్టి, పాటల్లో, జోలల్లో, కథల్లో పిల్లలకు నేర్పుతూ వచ్చారు. భూమి గట్టిగా కంపించాక సముద్రం వెనక్కి వెళ్తే ఎత్తైన చోటికి పరుగెత్తమని వాటి సారం. 2004 డిసెంబర్ 26న భూకంప కేంద్రానికి దగ్గరలోనే ఉన్న ఆ దీవిలో జనం స్మోంగ్ అని కేకలు వేస్తూ కొండలెక్కారు. సుమారు 78 వేల జనాభాలో చనిపోయింది ఏడుగురే అని చెబుతారు. జపాన్‌లో అనెయోషి అనే చిన్న పల్లెలో ఆ మాటే రాతి మీద ఉంది. 1933 సునామీ తర్వాత అక్కడ "దీనికి దిగువన ఇళ్లు కట్టవద్దు" అని ఒక రాయి నాటారు. 2011లో నీళ్లు ఆ రాయి దాకా రాకుండానే ఆగిపోయాయి.

తీర ప్రాంతానికి వెళ్తే "భూమి కంపిస్తే మీరు ఎటు పరుగెత్తుతారు?" అని అడిగి, ఆ దారిలో పగటిపూట ఒకసారి నడిచి రండి. పావుగంట పని. గట్టిగా కంపించినా, నీళ్లు ఉన్నట్టుండి వెనక్కి వెళ్లినా సైరన్ కోసం చూడకుండా ఆ దారి పట్టండి.

బీచ్‌లో చాలా దేశాల్లో ఎరుపు, పసుపు కలిసిన జెండాల మధ్య గజ ఈతగాళ్లు కాపలా ఉంటారు. రెండు ఎర్ర జెండాలు కనిపిస్తే నీళ్లలోకి దిగకూడదు. అలలు విరిగే చోట్ల మధ్య, అలల్లేకుండా ప్రశాంతంగా కనిపించే సందు ఒకటి ఉంటే కొత్తవాళ్లు దాన్నే ఎంచుకుంటారు. చాలాసార్లు నీళ్లు లోపలికి లాగేసేది అక్కడే. "ఈరోజు లాగుడు ఎక్కడుంది?" అని కాపలా ఉన్నవాళ్లను అడగండి. ఇసుక కదిలేకొద్దీ ఆ చోటు మారవచ్చు కాబట్టి నిన్నటి జవాబు పనికిరాదు. ఒకవేళ లాగుడులో చిక్కితే ఒడ్డుకు ఎదురీదకండి. తేలుతూ చెయ్యెత్తి పిలవండి. ఈదగలిగితే ఒడ్డుకు సమాంతరంగా ఈది, లాగుడులోంచి బయటపడ్డాక ఒడ్డువైపు తిరగండి.

వాగులు, ఇరుకు లోయల దగ్గర మన తల మీది ఆకాశం చూసి ధైర్యపడకూడదు. ఎగువన ఎక్కడో పడిన వాన ఇక్కడ ఎండ కాస్తుండగా వరదై వస్తుంది. "పైన ఏ ఊళ్లో వాన పడితే ఈ వాగు పొంగుతుంది? ఎంతసేపట్లో?" అని అడగండి. కాపరులు గంటల లెక్కతో సహా చెప్పగలరు. వేగంగా పారే 15 సెంటీమీటర్ల నీళ్లే పెద్దవాళ్లను పడేయగలవు. 30 సెంటీమీటర్లలో చిన్న కారు కొట్టుకుపోవచ్చు, 60 సెంటీమీటర్లలో చాలావరకు ఏ బండీ ఆగదు. మీ డ్రైవర్ "దాటేద్దాం" అన్నా దిగి నిలబడండి. ఇక్కడ మొహమాటపడకండి, దయచేసి.

6. విన్నదంతా మీకు వర్తించదు

స్థానికుల మాట వాళ్ల ఒంటికి సరిపోయే మాట. ఎత్తైన కొండల్లో పుట్టినవాళ్లు "ఈ ఎత్తుకే ఏమవుతుంది?" అంటారు. వాళ్లకేమీ కాదు. కింద నుంచి వచ్చినవాళ్లకు 2,500 మీటర్లు దాటాక తలనొప్పి, వాంతులు మొదలవ్వచ్చు. 3,000 మీటర్లు దాటాక, ఒక రాత్రి పడుకున్న ఎత్తు కంటే మరుసటి రాత్రి పడుకునే ఎత్తు 500 మీటర్లకు మించి పెరగకూడదనీ, మూడు నాలుగు రోజులకోసారి అక్కడే ఆగి విశ్రాంతి తీసుకోవాలనీ వైద్యులు చెబుతారు. లక్షణాలు ముదిరితే కిందికి దిగడమే మార్గం. "మేమంతా ఈ నీళ్లే తాగుతాం" అన్న మాట కూడా ఇలాంటిదే. వాళ్ల కడుపుకు అలవాటైన నీళ్లు మీ కడుపుకు పడకపోవచ్చు.

కుక్క కరిస్తే ఎవరేం పసరు పూయమన్నా వద్దు. సబ్బుతో, ధారగా పారే నీళ్లతో 15 నిమిషాలు కడిగి, నేరుగా టీకా దొరికే చోటికి వెళ్లండి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు. టీకా ఎక్కడ ఉంటుందో మందుల షాపులో మొదటి రోజే అడిగి ఉంచుకుంటే ఆ టైమ్‌లో పరుగులు తప్పుతాయి.

అలవాటైన ప్రమాదాన్ని మనుషులు ప్రమాదంగా చూడరు. జేబుదొంగల గురించి పదిమంది చెబుతారు. నిద్రమత్తులో నడిపే రాత్రి డ్రైవర్ల గురించి, లైఫ్ జాకెట్లు లేని పడవల గురించి ఎవరూ చెప్పరు. ప్రపంచంలో ఏటా సుమారు 11.9 లక్షల మంది రోడ్డు ప్రమాదాల్లో చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఎవరూ హెచ్చరించకపోయినా హెల్మెట్, సీటు బెల్టు, లైఫ్ జాకెట్ మీరే అడిగి తీసుకోండి. లేవంటే ఆ బండి ఎక్కకండి.

దీనికి పూర్తిగా వేరే రకం మాట ఒకటుంది. "అటు వెళ్లకండి, అక్కడివాళ్లు మంచివాళ్లు కాదు." ఇది నిజమైన హెచ్చరిక కావచ్చు, పేదల వాడల మీద, వేరే భాషవాళ్ల మీద తరాలుగా ఉన్న చిన్నచూపు కావచ్చు. తేల్చుకోవడానికి "ఏం జరిగింది? ఎప్పుడు? ఏ వేళప్పుడు?" అని అడగండి. నిజమైన హెచ్చరికలో ఒక సంఘటన, ఒక చోటు, ఒక వేళ ఉంటాయి. అవేవీ రాకపోతే ఆ వాడలోనే ఉండేవాళ్లను అడిగి చూడండి. వాళ్ల వీధిలో వాళ్లు జాగ్రత్తపడే మూల ఏదో వాళ్లకే బాగా తెలుసు.

ఒకే విషయాన్ని ఒకరికొకరు సంబంధం లేని ముగ్గురిని అడగండి. జవాబులు కలవకపోతే టెన్షన్ పడకండి. వేళ మారడం వల్లో, కాలం మారడం వల్లో తేడా వచ్చి ఉంటుంది, అదేమిటో తెలుసుకోండి. ఇద్దరు వెళ్లమని ఒకరు వద్దన్నప్పుడు లెక్క పెట్టి నిర్ణయించకండి. వద్దన్న మనిషి చెప్పిన కారణాన్ని మిగతా ఇద్దరి ముందు పెట్టి, ఏమంటారో వినండి. వాళ్లు దాన్ని తేల్చలేకపోతే ఆ రోజుకు ఆగిపోవడమే మంచిది.

బండి ఎక్కాక డ్రైవర్ "మీ హోటల్ మూసేశారు, ఇంకోటి చూపిస్తాను" అంటే, మీరే హోటల్‌కు ఫోన్ చేసి మాట్లాడండి. ఫోన్ ఆయన చేతికి ఇవ్వద్దు. ఇది ఎన్నో నగరాల్లో నడిచే పాత మోసం.

7. అడిగేటప్పుడు మీ గురించి చెప్పకండి

ఒంటరిగా వచ్చారని, ఏ గదిలో ఉన్నారని, రేపు ఎక్కడికని ఎవరికీ చెప్పనక్కర్లేదు. "మావాళ్లు వెనక వస్తున్నారు" అంటే చాలు. నలుగురు వింటుండగా దారి అడిగితే, వెంటనే ఆ దారిన నడవకుండా కాసేపాగి వెళ్లండి. సైనిక స్థావరాలు, సరిహద్దు చెక్‌పోస్టుల గురించి ఆరా తీయకండి, ఫోటోలు తీయకండి. చాలా దేశాల్లో దాన్ని నేరంగా చూస్తారు.

8. రాసుకోండి, ఒకరికి పంపండి

రోజూ పొద్దున బయటికి వెళ్లే ముందు "ఈరోజు కొత్తగా ఏమైనా ఉందా?" అని ఒకరినైనా అడగండి. రాత్రికి రాత్రే వంతెన మూసేయొచ్చు, సమ్మె మొదలవ్వచ్చు. విన్నదాన్ని చెప్పినవాళ్లెవరో, ఏ తేదీనో కలిపి రాసుకోండి. ఎక్కడికి వెళ్తున్నారు, ఏ దారిన, ఎన్నింటికల్లా తిరిగి వస్తారు, ఏ టైమ్ దాటితే ఎవరికి ఫోన్ చేయాలి అన్న నాలుగు ముక్కలు ఇంట్లో ఒకరికి మెసేజ్ పెట్టండి. ఎన్నింటికి కంగారుపడాలో వాళ్లకు తెలిస్తే అప్పటిదాకా కంగారుపడరు, ఆ తర్వాత ఆలస్యం చేయరు.

మీరు ఊరు వదిలేటప్పుడు ఎదురొచ్చే ప్రయాణికులకు మీకు తెలిసింది చెప్పండి. "అక్కడ వంతెన బాగుంది" అని వదిలేయకుండా, "నిన్న మధ్యాహ్నం నేను దాటినప్పుడు నీళ్లు వంతెనకు రెండడుగుల కింద ఉన్నాయి, ఆఖరి బస్సు ఐదింటికి" అని వేళతో సహా చెప్పండి.